మంచి షాట్ తప్పిపోయిన రోజు

పోయిన నెల ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ వ్యాయామ విద్యలో శిక్షణ పూర్తి చేసుకుని, కొత్తగా బళ్లలో పీటీ టీచర్లుగా చేరబోతున్నారు. "మేడమ్, మీ అనుభవం కొద్దీ మాకేమైనా చెప్పండి" అని అడిగారు. ఎండలో పిల్లల్ని ఎంతసేపు నిలబెట్టవచ్చో చెప్పాను. కాలు బెణికితే ముందుగా ఏం చేయాలో చెప్పాను. విజిల్ అదే పనిగా ఊదితే పిల్లలు దాన్ని వినడం మానేస్తారని చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నారు, టీ తాగారు, వెళ్లిపోయారు.

వాళ్లు గేటు దాటాక, అసలు సంగతి చెప్పనే లేదని అనిపించింది. చెప్పాలంటే నా తప్పు గురించి చెప్పాలి. కొత్తగా పరిచయమైన పిల్లల ముందు అది నోటికి రాలేదు. అందుకే రాస్తున్నాను.

నా పేరు విమల. మాది తెనాలి దగ్గర పల్లె. పీటీ టీచరుగా ఉద్యోగం వచ్చి సికింద్రాబాద్‌లో ఒక మిషన్ వాళ్ల ఆడపిల్లల హైస్కూల్లో చేరాను, అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు చేరానో, ఏ గ్రేడు ఎప్పుడిచ్చారో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు అక్కర్లేదు. నాకు బాగా గుర్తున్నది ఒక సిమెంటు కోర్టు, రెండు రింగులు, ముగ్గురు మనుషులు.

ఆగడం నేర్పడం

బాస్కెట్‌బాల్ నేర్పడమంటే రింగులో బంతి వేయడం నేర్పడమని అందరూ అనుకుంటారు. కొత్త పిల్లలకు మొదటి ఏడాదంతా నేను నేర్పింది వేయకుండా ఉండటం. కొత్త పిల్ల చేతికి బంతి వస్తే ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తుంది. రింగు ఎంత దూరంలో ఉంది, ఎదురుగా ఎవరున్నారు, తన జట్టు పిల్ల ఎక్కడుంది, ఇవేవీ చూడదు. విసిరేస్తుంది. అది రింగుకి తగలదు, బోర్డుకీ తగలదు, ఒక్కోసారి కాంపౌండు గోడ దాటి వెళ్లి రోడ్డు మీద పడుతుంది.

దీనికి నేనొక ఉపాయం కనిపెట్టాననుకున్నాను. ఐదు పాసులు అయ్యేదాకా ఎవరూ షాట్ కొట్టకూడదని నియమం పెట్టాను. రెండు నెలలు అలాగే ఆడించాను. మొదటి మ్యాచ్‌లో మా అమ్మాయి ఒకామె సరిగ్గా రింగు కింద ఒంటరిగా నిలబడి ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. బంతి ఆమె చేతికి వచ్చింది. కళ్లు మూసుకుని వేసినా పడేది. ఆమె నా వైపు తిరిగి, "నాలుగే అయినయ్ టీచర్!" అని గట్టిగా అరిచి బంతిని వెనక్కి విసిరేసింది. ఎదుటి జట్టు పిల్లలు పడీ పడీ నవ్వారు. అంపైరు విజిల్ ఊదాల్సినవాడు ఊదలేక కడుపు పట్టుకున్నాడు.

తప్పు ఆ పిల్లది కాదు. చూడటం నేర్పాల్సిన చోట నేను లెక్కపెట్టడం నేర్పాను. మంచి షాట్ అంటే ఆలస్యంగా కొట్టేది కాదు. కోర్టు మీద అందరిలోకీ వీలుగా ఉన్న మనిషి కొట్టేది. ఆ మనిషి దొరికేదాకా ఆగాలి, దొరికాక క్షణం ఆగకూడదు.

ఇంకొక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఓపికతో ఆగిన పిల్ల, భయంతో ఆగిన పిల్ల దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. తేడా కళ్లలో ఉంటుంది. ఓపిక ఉన్న పిల్ల కళ్లు కోర్టంతా తిరుగుతుంటాయి. భయపడ్డ పిల్ల కళ్లు టీచరు మీద ఉంటాయి.

కరుణమ్మ గారు

మా హెడ్మిస్ట్రెస్ పేరు కరుణమ్మ గారు. భీమవరం వైపు మనిషి. ఎప్పుడూ తెల్లచీర, చేతిలో నల్లగొడుగు. ఆటల గురించి ఆవిడకేమీ తెలియదు. పేరుకు తగ్గట్టు మెత్తటి మాట మాట్లాడటమూ తెలియదు. ఆవిడ దగ్గర పనిచేసినన్నాళ్లూ ఒక్క టీచరునైనా బాగా చేశావని మెచ్చుకోగా నేను వినలేదు. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసి, చూసి, విసిగిపోయి వేరే బడికి వెళ్లిపోయిన మంచి టీచర్లు నాకు తెలుసు. అది ఆవిడ లోపమే. పెద్ద మనిషి కదా అని దాన్ని దాచిపెట్టను.

కానీ ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలేదు.

నేను చేరిన రెండో ఏడు, ప్రాక్టీసు జోరుగా సాగుతున్న రోజుల్లో, నన్ను తీసుకెళ్లి వారం రోజులు పరీక్షల డ్యూటీలో వేశారు. "టోర్నమెంటు దగ్గరకొచ్చిందండీ" అని బతిమాలాను. వినలేదు. వారం తర్వాత గ్రౌండ్‌కి వెళితే బంతులన్నీ సంచిలో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పిల్లలు రోజూ వచ్చి, షెడ్డు కింద కూర్చుని, కబుర్లు చెప్పుకుని వెళ్లారట.

కరుణమ్మ గారు ఆ సాయంత్రం నన్ను పిలిచారు.

"ఏమ్మా విమలా, నీకు జ్వరమొస్తే నీ జట్టుకీ జ్వరమొస్తుందా?"

"పిల్లలండీ, చెప్పేవాళ్లు లేకపోతే..."

"చెప్పేవాళ్లను తయారు చెయ్యి మరి. నువ్వున్నప్పుడు ఆడేది నీ ఆట. నువ్వు లేనప్పుడు ఆడితే అది వాళ్ల ఆట."

ఆ తర్వాత ఆవిడే ఒక నియమం పెట్టారు. ప్రతి మ్యాచ్‌లోనూ ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు కనీసం కొంతసేపైనా కోర్టులో ఉండాలి. నాకు ఒళ్లు మండింది. టెన్త్ పిల్లలు గెలిపిస్తుంటే చిన్నపిల్లల్ని దింపడమేమిటని స్టాఫ్ రూములో చాలా మాటలన్నాను. అప్పట్లో నా చూపు వచ్చే ఆదివారం మ్యాచ్ దాటి పోయేది కాదు. ఆవిడ అప్పటికింకా మా బడిలో చేరని పిల్లల గురించి ఆలోచించేవారు.

యశోద, సబిత

యశోద మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. వాళ్ల నాన్న మల్లయ్య రైలింజన్ల షెడ్‌లో ఫిట్టరు. పొడుగు పిల్లేమీ కాదు. చేతులు మాత్రం పెద్దవి. బంతి ఆ చేతుల్లోకి వెళ్లిందంటే మిగతా పిల్లలు హడావుడి మానేసేవాళ్లు. తొందర లేదు. అటూ ఇటూ చూసేది, ఎవరూ ఊహించని చోటికి బంతి పంపేది. టెన్త్‌కొచ్చాక కెప్టెన్‌ని చేశాను. నేను రావడం కాస్త ఆలస్యమైతే తనే ప్రాక్టీసు మొదలుపెట్టేది. చిన్నపిల్లల బూట్ల లేసులు తనే కట్టేది.

సబిత ఎనిమిదో తరగతి. బక్కపల్చటి పిల్ల. రింగుకి ఎడమవైపు ఒక చోటుంది ఆమెకి. అక్కడ నిలబడి వేస్తే పదింటిలో ఆరో ఏడో పడేవి. ఆ చోటును కనిపెట్టింది యశోదే. "నువ్వు గీడ నిలబడు సబితా, గీడికెళ్లి నీకు మంచిగ పడ్తది" అని చూపించడం నేను విన్నాను.

ఆ ఏడాది బడుల మధ్య టోర్నమెంటులో మేం ఫైనల్‌కి వచ్చాం. రాష్ట్ర జట్టుకి పిల్లల్ని ఎంపిక చేసేవాళ్లు వచ్చి కోర్టు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజుల్లో రాష్ట్రం తరఫున ఆడిన సర్టిఫికెట్ ఉంటే కాలేజీలో సీటు దొరికేది, తర్వాత స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో ఉద్యోగం దొరికే దారి ఉండేది. యశోద లాంటి పిల్లకు అది చిన్న సంగతి కాదు. ఆమెకన్నా నాకే ఆ ఆశ ఎక్కువగా ఉండేదేమో.

ఆట చివరికి వచ్చింది. మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మా టెన్త్ అమ్మాయి ఒకామె ఐదో ఫౌల్ చేసి, ఇక ఆడే వీల్లేక బయటికొచ్చేసింది. బెంచీ మీద మిగిలింది సబితే. దింపాను. కొన్ని సెకన్లే ఉన్నాయి. బంతి యశోద చేతిలో ఉంది. ఎదుటి జట్టులోని ఇద్దరు పొడుగు పిల్లలు ఆమె మీదికి వచ్చేశారు. "కొట్టు! కొట్టు!" అని నేను గీత పక్కనుంచి అరుస్తున్నాను. యశోద కొట్టలేదు. ఆ ఇద్దరి మధ్యలోంచి బంతిని ఎడమవైపుకి పంపింది. సబిత తన చోట్లో నిలబడి ఉంది. వేసింది. బంతి రింగు అంచు మీద ఒక చుట్టు తిరిగి బయటికి పడింది. విజిల్ మోగింది.

ఓడిపోయాం.

పిల్లలు బెంచీ దగ్గరికి వచ్చారు. సబిత నీళ్ల కూజా అందుకుని తాగుతోంది. నేను యశోద ముందుకెళ్లి నిలబడ్డాను.

"నీ చేతిలో ఉన్న బంతి ఆ పిల్లకెందుకిచ్చావ్? కెప్టెన్‌వి నువ్వా, ఆ పిల్లా? అంత భయమేసిందా నీకు?"

చుట్టూ జట్టంతా ఉంది. రెండో బడి పిల్లలున్నారు. ఆ కుర్చీల్లో పెద్దమనుషులున్నారు. యశోద నా మొహంలోకే చూసింది.

"ఆమె ఖాళీగ ఉండె టీచర్" అంది. అంతే.

మర్నాడు ప్రాక్టీసుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బడికి వస్తోంది, క్లాసులో కూర్చుంటోంది, గ్రౌండ్‌కి మాత్రం రావడం లేదు.

నల్లబల్ల మీద

మూడు రోజులు నాదే న్యాయమని అనుకున్నాను. టీచరన్నాక ఒక మాట అంటుంది, ఆ మాత్రానికి అలగడమేమిటి, కెప్టెన్‌కి ఇంత పొగరా అని నాలో నేనే అనుకున్నాను. నాలుగో రోజు బడి వదిలాక కరుణమ్మ గారు నన్ను ఒక ఖాళీ క్లాసులోకి పిలిచారు. చేతికి సుద్దముక్క ఇచ్చారు.

"నాకు ఆట తెలియదు. ఆ చివర ఏం జరిగిందో బొమ్మ గీసి చెప్పు."

గీశాను. రింగు గీశాను. మా ఐదుగురికీ గుండ్రాలు, వాళ్ల ఐదుగురికీ అడ్డగీతలు పెట్టాను.

"యశోద దగ్గర ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరండీ."

"ఇద్దరు మీదున్నప్పుడు వేస్తే పడుతుందా?"

"చాలా కష్టమండీ."

"సబిత దగ్గర?"

నల్లబల్ల వైపు చూశాను. సబిత గుండ్రం పక్కన ఒక్క గీత కూడా లేదు. "ఎవరూ లేరండీ."

"ఆ చోటు నుంచి ఆ పిల్ల ఎన్ని వేస్తుంది?"

"పదింటికి ఆరేడు."

ఆవిడ గొడుగు బల్ల మీద పెట్టి నెమ్మదిగా అడిగారు. "అయితే యశోద చేసిన తప్పేమిటమ్మా?"

"అది పడలేదండీ..."

"పడకపోవడం యశోద చేసిన పనా?"

నేను ఎన్నేళ్లుగానో నేర్పుతున్నది ఇదే. చూడండి, ఆగండి, ఖాళీగా ఉన్న మనిషికివ్వండి అని. పదిహేనేళ్ల పిల్ల, అంత ఒత్తిడిలో, నేను చెవి పక్కన తప్పు మాట అరుస్తున్నా వినిపించుకోకుండా, నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. బంతి పడి ఉంటే యశోదని ఎత్తుకుని తిప్పేదాన్ని. పడలేదు కాబట్టి పిరికిదన్నాను.

కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పడిందా లేదా అన్నది చూసి పిల్లల్ని మెచ్చుకోవడం, తిట్టడం ఎవరైనా చేయగలరు. దానికి టీచరు అక్కర్లేదు, స్కోరు బోర్డు చాలు.

"ఇప్పుడేం చేయమంటారండీ?" అని అడిగాను.

"వాళ్లింటికెళ్లు. తప్పు నాదని చెప్పు. మళ్లీ ఆటకి రమ్మని మాత్రం అడక్కు. అడిగావంటే నీ జట్టు కోసం వచ్చావనుకుంటుంది."

మౌలాలిలో

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్లాను. గుట్ట దాటి, రైల్వే క్వార్టర్స్‌లో అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. మల్లయ్య గారు బనీను మీదే బయటికొచ్చి, నన్ను చూసి కంగారుపడి, లోపలికి పోయి చొక్కా తొడుక్కుని వచ్చారు.

"ఏందీ టీచరమ్మా, గింత దూరం వచ్చిండ్రు? పిల్ల ఏమన్న తప్పు చేసిందా?"

"తప్పు చేసింది పిల్ల కాదండీ. నేను."

ఆయనకి అర్థం కాలేదు. "కూసోండ్రి, కూసోండ్రి" అని కుర్చీ లాగి వేశారు. యశోద వెనక వాకిట్లో పంపు దగ్గర బిందె నింపుతోంది. పిలిస్తే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తల్లిదండ్రులిద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పాస్ సరైనదని, నేను అన్న మాట తప్పని, నలుగురి ముందు అన్నందుకు నన్ను క్షమించమని అడిగాను.

మల్లయ్య గారు ఇబ్బందిగా నవ్వారు. "టీచరన్నంక తిట్టకుంట ఉంటరా అమ్మా? గా మాత్రం దానికి ఇంటిదాంక రావాల్నా?"

యశోద నవ్వలేదు. "నన్ను తిట్టినందుకు గాదు టీచర్" అంది. "సబిత నా పక్కనే ఉండె. నీళ్లు తాగుతుండె. ఆ పిల్లకెందుకిచ్చినవ్ అన్నరు మీరు. ఆమె ఇన్నది."

నిజం చెప్తున్నాను, అప్పటిదాకా సబిత నా తలలో లేనే లేదు. తిట్టింది ఒకరినే అనుకున్నాను. ఆ ఒక్క మాట ఇద్దరికి తగిలింది. ఆ సంగతి జట్టు కెప్టెన్‌కి తెలిసింది, టీచరుకి తెలియలేదు.

"నేనిగ గ్రౌండ్‌కు రాను టీచర్. బాల్ చేతికొస్తే మీ అరుపే ఇనబడ్తది నాకు."

నేను తలూపాను. రమ్మని అడగలేదు. వాళ్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

సోమవారం జట్టు పిల్లలందరినీ నిలబెట్టి సబితకి కూడా క్షమాపణ చెప్పాను. "పర్వాలేదు టీచర్" అంది నేల చూస్తూ.

మరి రెండు వారాలకి బడికి ఒక ఉత్తరం వచ్చింది. ఎంపిక చేసేవాళ్లు రాశారు. ఫైనల్లో ఆ చివరి పాస్ ఇచ్చిన అమ్మాయిని శిక్షణ శిబిరానికి పంపమని. పేరు కూడా వాళ్లకి సరిగ్గా తెలియదు. ఆ పాస్ చూశారు, అంతే. నేను ఏ పని చూసి తిట్టానో, సరిగ్గా అదే చూసి వాళ్లు పిలిచారు.

ఉత్తరం తీసుకుని వరండాలో యశోదని ఆపాను. "ఇది వచ్చింది. వెళతావో లేదో నీ ఇష్టం. నేను బలవంతం చేయను" అన్నాను. ఆమె రెండుసార్లు చదివింది. మడత పెట్టి నా చేతికిచ్చేసింది. "వద్దు టీచర్."

"సరే" అన్నాను. గౌరవంగా ప్రవర్తించాననే అనుకున్నాను. మల్లయ్య గారికి ఆ ఉత్తరం సంగతి చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. కరుణమ్మ గారు "పిల్లకిచ్చావా?" అని అడిగారు. "ఇచ్చానండీ, వద్దంది" అన్నాను. ఆవిడ కూడా ఇంకేమీ అనలేదు.

శనివారాలు

సబిత ఆడుతూనే ఉంది. కానీ షాట్ కొట్టడం మానేసింది. బంతి చేతికి వస్తే కాలిన పెనం పట్టుకున్నట్టు వెంటనే ఎవరికో ఒకరికి అంటగట్టేసేది. తన చోట్లో ఒంటరిగా నిలబడి ఉన్నా సరే. నేను నచ్చజెప్పాను, పక్కన కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పాను. నా మాట విన్నకొద్దీ ఆమె కళ్లు ఇంకా నా వైపే తిరిగేవి. గాయం చేసిన చెయ్యే కట్టు కట్టబోతే పిల్ల ఉలిక్కిపడుతుంది. ఆ సంగతి నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

ఒక శనివారం పొద్దున యశోద గ్రౌండ్‌కి వచ్చింది. ఆట బట్టల్లో కాదు, ఇంటి బట్టల్లో. నాకు నమస్కారం పెట్టింది, నేరుగా వెళ్లి రింగు కింద నిలబడింది.

"ఎయ్యి" అంది సబితతో.

"పడకపోతే?"

"పడకుంటే నేను దెస్త గద బాల్."

సబిత వేసింది. పడలేదు. యశోద పరిగెత్తి తెచ్చి ఇచ్చింది. మళ్లీ వేసింది. మళ్లీ తెచ్చింది. మెచ్చుకోవడం లేదు, ఇలా పట్టుకో అలా పట్టుకో అని చెప్పడం లేదు. ఎండ ముదిరేదాకా అదే పని. మధ్యలో ఒక్కసారి మాత్రం, "పడ్డదా లేదా చూడకు. నీ దగ్గర ఎవలన్న ఉన్నరా లేరా, గది చూడు" అంది. షెడ్డు కింద కూర్చుని నేను వింటున్నాను. నేను చెప్పాల్సిన పాఠం అది.

టెన్త్ పరీక్షలు దగ్గర పడేదాకా యశోద ప్రతి శనివారం వచ్చింది. తను మాత్రం ఒక్క బంతి కూడా రింగులో వేయలేదు. నేనూ ఏమీ అడగలేదు. రమ్మని అడగొద్దన్న కరుణమ్మ గారి మాట పట్టుకుని కూర్చున్నాను. దానికి ఓపిక అని పేరు పెట్టుకున్నాను.

మరుసటి ఏడాది మేం సెమీ ఫైనల్లోనే ఓడిపోయాం. ఆ మ్యాచ్‌లో సబిత తన చోటు నుంచి వేసిన మొదటి రెండు షాట్లూ తప్పాయి. మూడోది కొట్టింది. రెండు తప్పాక కూడా మూడోది కొట్టడమే నాకు కావలసింది. నేను నోరు మూసుకుని బెంచీ మీద కూర్చున్నాను. అలా కూర్చోవడానికి నాకు బంతి ఆడినంత చెమట పట్టింది. తర్వాత సబిత రాష్ట్రం తరఫున ఆడింది, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో ఉద్యోగం తెచ్చుకుంది.

యశోదకి ఆ సర్టిఫికెట్ లేదు. ఇంటర్‌తో చదువు ఆగింది. అన్నీ మంచికే జరిగాయని చాలామంది సర్దిచెప్పబోయారు. ప్రార్థనలో నేనూ అలా సర్దిచెప్పుకోబోయాను. కుదరలేదు. సబితకి మంచి జరగడం వేరు, యశోదకి నా వల్ల పోయింది వేరు.

రెజిమెంటల్ బజార్‌లో

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు కొత్త జట్టు పిల్లలకి ఆట బట్టలు కుట్టించాల్సి వచ్చింది. పిల్లలు బజార్లో కొన్న నిక్కర్లు వేసుకోవడానికి సిగ్గుపడి, సగం మంది ఆటే మానేస్తున్నారు. ఈ మాట నన్ను చూడటానికొచ్చిన సబితతో అంటే, "యశోదక్క దగ్గరికి తీస్కపోండి టీచర్. రెజిమెంటల్ బజార్ల కుడ్తది. ఆడపిల్లలకు మంచిగ కుడ్తది" అంది. యశోద ఈ ఊళ్లోనే, మా బడికి అంత దగ్గర్లో ఉందని నాకు తెలియదు. తెలుసుకోలేదు అనాలి.

ఐదుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇరుకు దుకాణం, రెండు మిషన్లు. గోడ పొడుగునా బడి పిల్లల బట్టలు వేలాడుతున్నాయి. ఆమె జుట్టు కాస్త నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"టీచర్! మీరా! కూసోండ్రి, చాయ్ చెప్త."

పిల్లలు ఎలాంటి బట్టలు వేసుకుని సిగ్గుపడుతున్నారో చెబితే వెంటనే పట్టేసింది. మోకాళ్ల దాకా, వదులుగా, పరిగెత్తితే పైకి జారకుండా ఎలా కుట్టాలో కాగితం మీద గీసి చూపించింది. "మేం ఆడినప్పుడు గిట్లాంటి తక్లీఫే టీచర్. బాల్ చూస్తమా, బట్టలు చూస్కుంటమా?"

కొలతలిస్తున్న పిల్ల ఆశ్చర్యపోయింది. "ఆంటీ, మీరు సుత ఆడిన్రా?"

"ఆడిన, జెర."

"జెర కాదు, మా జట్టు కెప్టెన్" అన్నాను. ఆ తర్వాత ఏమనుకున్నానో నాకే తెలియదు, ఆ పిల్లలకి అంతా చెప్పేశాను. ఆ పాస్, నేను అన్న మాట, మౌలాలి వెళ్లడం, ఆ ఉత్తరం. నలుగురి ముందు తిట్టిన మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలనిపించింది. ఫైనల్ రోజున ఉన్న జనం ఇప్పుడు దొరకరు. ఈ పిల్లలైనా వినాలి.

విన్నాక ఒక పిల్ల అడిగింది. "మరి మీరు యశోదాంటీని వాపస్ రమ్మని ఎందుకడగలే టీచర్?"

"బలవంతం చేయకూడదని..." అన్నాను.

యశోద టేపు పట్టుకునే నెమ్మదిగా మాట్లాడింది. కోపం లేదు ఆ గొంతులో. "మీరు ఇంటికొచ్చిన్రు టీచర్. గా దినం మంచిగనిపించింది. ఉత్తరం ఇచ్చిన్రు. నీ ఇష్టం అన్నరు. నాకు గప్పుడు పదిహేనేండ్లు. నా ఇష్టమేందో నాకెట్ల ఎరుక? ఇంకోపారి పిలుస్తరేమో అని శనివారం శనివారం వచ్చిన. సబిత కోసం వచ్చింది నిజమే. మీరు పిలుస్తరని సుత వచ్చిన."

ఆ ఇరుకు దుకాణంలో నాకు నిలబడటానికి చోటు లేనట్టయింది. కరుణమ్మ గారు అడగొద్దన్నది ఆ ఒక్క ఆదివారానికి. నేను దాన్ని ఒక ఏడాదికి, ఆ తర్వాత ఇన్నేళ్లకి సాగదీసుకున్నాను. అడిగితే కాదంటుందేమోనన్న నా భయానికి ఆవిడ మాటను అడ్డం పెట్టుకున్నాను. పిల్లల కళ్లు చూసి చెప్పేదాన్ని, ఇది ఓపిక, ఇది భయం అని. నా కళ్లు నేను చూసుకోలేదు.

"పరేషాన్ గాకుండ్రి టీచర్" అంది యశోద. "నా పని నాకు నచ్చింది. బాధ లేదంటే అబద్ధం. గానీ బాగనే ఉన్న."

"యశోదా, ఇప్పుడు అడుగుతున్నా" అన్నాను. "నీ ఇష్టం అనను. రా. శనివారం పొద్దున ఏడింటికి. ఈ పిల్లలకి నువ్వు కావాలి. నాకూ కావాలి."

ఆమె టేపు మెడలో వేసుకుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"దుకాణం పదింటికి తెరుస్త" అంది. "తొమ్మిదిన్నర దాంక ఉంట."

ఆ శనివారం ఏడు కాకముందే వచ్చింది. చెప్పులు గీత బయట విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కోర్టు మధ్యలోకి నడిచింది. ఒక పిల్ల బంతి అందించింది. ఇప్పుడైనా వేస్తుందని నేను అనుకున్నాను. ఆమె రింగు వైపు చూడలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది, ఎవరెక్కడ నిలబడ్డారో. చివర్న గోడ పక్కగా, ఎవరి కంటా పడకుండా నిలబడ్డ ఒక ఎనిమిదో తరగతి పిల్ల దగ్గర ఆగింది.

"నువ్వు, బిడ్డా. జెర ముందుకు రా" అంది, బంతి ఆ పిల్లకి పాస్ ఇచ్చింది.